‘రేపు అయిపోద్ది సార్’ అన్న మాట దగ్గరే మొదలుపెట్టండి

ప్రశ్న: సార్, గుంటూరులో ఒక బిల్డర్ దగ్గర సైట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. స్టిల్టు (కింద పార్కింగ్ కోసం వదిలిన అంతస్తు) మీద అయిదంతస్తులు, అంతస్తుకు నాలుగు చొప్పున ఇరవై ఫ్లాట్లు. ఇంకొక్క స్లాబు మిగిలింది. కింది రెండంతస్తుల్లో గోడలు లేచాయి, మొదటి అంతస్తులో ప్లాస్టరింగ్ నడుస్తోంది. బిల్డింగ్ మొత్తం ప్లాస్టరింగ్ అయ్యాకే టైల్స్ వాళ్లను దింపాలని మా ప్లాన్. ఇప్పటికే మూడు నెలలు వెనకబడ్డాం. వచ్చే సంక్రాంతికి తాళాలు ఇస్తామని ఓనర్ గారు కస్టమర్లకు మాటిచ్చారు. నేను ఆన్‌లైన్‌లో లీన్ కన్‌స్ట్రక్షన్ కోర్సు చేశాను. జపాన్ పదాలు చాలా నేర్చుకున్నాను గానీ సైటుకొచ్చాక ఏం చేయాలో తోచడం లేదు. కంప్యూటర్‌లో షెడ్యూల్ వేసి, ప్రింటు తీసి గోడకు అంటించాను. ఎవరూ చూడరు. ఏ మేస్త్రీని అడిగినా ‘రేపు అయిపోద్ది సార్’ అంటాడు, అవదు. ఓనర్ గారు మనుషుల్ని పెంచమంటున్నారు, తాపీ మేస్త్రీని మార్చేద్దామనీ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. లీన్ పెద్ద కంపెనీలకేనా, మాలాంటి సైటుకు పనికొస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– పేరు వేయవద్దన్న పాఠకుడు, గుంటూరు

సమాధానం:

తమ్ముడూ, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘రేపు అయిపోద్ది సార్’. ముప్పై ఏళ్లు సైట్ల మీద ఉన్నాను. ఆ మాట వినపడని రోజు నాకు గుర్తు లేదు. మీరు మొదలుపెట్టాల్సింది అక్కడే. కోర్సులో నేర్చుకున్న పదాలను కొన్నాళ్లు పక్కన పెట్టండి, అవి తర్వాత పనికొస్తాయి.

ముందు మీ సందేహం తీరుస్తాను. మీ సైటుకు ఇది పనికొస్తుంది. వంద ఎకరాల ప్రాజెక్టులో కంటే మీ దగ్గరే తేలిక కూడా, ఎందుకంటే మీ మేస్త్రీలందరినీ ఒకే చోట, ఒకే సాయంత్రం కూర్చోబెట్టగలరు.

లీన్ అంటే వృథా తగ్గించి, పని ఆగకుండా సాగేలా చూసుకోవడం. ఈ ఆలోచన కార్ల ఫ్యాక్టరీలో పుట్టిన మాట నిజమే. టయోటాలో టయీచీ ఓనో అనే ఇంజనీరు దశాబ్దాల పాటు సాగు చేసిన పద్ధతి అది. దాన్ని నిర్మాణ రంగానికి అన్వయించి 1992లో ఫిన్లాండ్ పరిశోధకుడు లౌరి కోస్కెలా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక నివేదిక రాశారు. అందులో ఆయన చెప్పింది మనకు బాగా అర్థమయ్యే సంగతే. ఇటుకలు గోడగా మారడాన్నే మనం పని అనుకుంటాం. లెక్కలన్నీ దాని మీదే వేస్తాం. ఆ ఇటుక లారీ దిగిన దగ్గర్నుంచి గోడలో కూర్చునే దాకా ఎంతసేపు పడి ఉంది, ఎన్నిసార్లు మోశారు, కట్టిన గోడను ఎందుకు పగలగొట్టారు అన్నవి ఏ చార్టులోనూ కనపడవు. రోజులు కరిగిపోయేది మాత్రం అక్కడే.

అదే రోజుల్లో అమెరికాలో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అనే ఇద్దరు సైట్లలో వారం వారం ప్లాన్లు ముందేసుకుని, ఈ వారం చేస్తామన్న పనుల్లో వారాంతానికి ఎన్ని పూర్తయ్యాయో లెక్కపెట్టారు. సుమారు సగమే. మంచి పేరున్న కంపెనీలు, చదువుకున్న సూపర్‌వైజర్లు, కంప్యూటర్ షెడ్యూళ్లు, అన్నీ ఉండి కూడా సగమే. కాబట్టి ‘రేపు అయిపోద్ది’ అన్నది మన మేస్త్రీల జబ్బు అని ఎవరైనా అంటే నమ్మకండి.

వాళ్లు తయారుచేసిన పద్ధతి పేరు ‘లాస్ట్ ప్లానర్’. ఈ పేరును కాస్త ఆగి చూడండి. ప్లాన్ వేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఓనర్ వేస్తాడు, ఆర్కిటెక్ట్ వేస్తాడు, మీరు వేస్తారు. చిట్టచివర ‘ఒరేయ్, నువ్వు ఈ గోడ, నువ్వు ఆ గోడ’ అని చేతులకు పని పంచే మనిషి ఒకరుంటారు. ఆ తర్వాత ఇక ప్లాన్ ఉండదు, పనే ఉంటుంది. ఆ చివరి ప్లానర్ మన దగ్గర మేస్త్రీ. మీరు గోడకు అంటించిన షెడ్యూల్‌లో ఆయన మాట ఒక్కటైనా ఉందా? లేకపోతే ఆయన దాన్ని ఎందుకు చూస్తాడు?

అందుకని ఈ వారం ఒక రోజు పూర్తిగా కేటాయించండి. ప్లాస్టరింగ్ జరిగే ఫ్లాటులో ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక మూలన నిలబడండి. మేస్త్రీకి ముందే చెప్పండి, ‘మీ మీద తనిఖీకి రాలేదు, మీకు ఏది అడ్డం పడుతుందో చూద్దామని వచ్చాను’ అని. కాగితం మీద పది నిమిషాలకొక గడి గీసుకోండి. ఆ నిమిషాన తాపీ గోడ మీద ఉందా, లేకపోతే ఎందుకు లేదు. ఇంతే రాయండి.

నేను మొదటిసారి ఇలా నిలబడ్డ రోజు ఇప్పటికీ కళ్లముందే ఉంది. బృందం తొమ్మిదింటికల్లా వచ్చింది. మూడో అంతస్తు డ్రమ్ముల్లో నీళ్లు లేవు, రాత్రి మోటారు వేయడం ఎవరో మర్చిపోయారు. కింద నుంచి బిందెలతో మోసుకొచ్చేసరికి పది. ఇసుక జల్లెడ కోసం చూస్తే పై అంతస్తు వాళ్లు పట్టుకెళ్లారు. పదిన్నర దాటాక మాలు కలిపారు. హాలు గోడ సగానికి వచ్చేసరికి ఎలక్ట్రీషియన్ కుర్రాడు పరుగున వచ్చి, ‘అన్నా, ఆగండి, ఇక్కడ ఏసీ పాయింటు పైపు పడలేదు’ అన్నాడు. కలిపిన మాలు గట్టిపడిపోతుందని మేస్త్రీ పరంజా విప్పించి పక్క గదికి మార్పించాడు. అక్కడ కిటికీ ఫ్రేము ఇంకా రాలేదు, అంచులు వదిలేసి మిగతా గోడ చేశాడు. ఆ అంచుల కోసం మళ్లీ ఇంకో రోజు రావాలి. సాయంత్రం లెక్క చూస్తే తాపీ గోడ మీద ఉన్న గళ్లు సగం కూడా లేవు. కానీ ఆ మనిషి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోలేదు. చొక్కా తడిసి ముద్దయింది. ముందురోజే ‘పని ఎందుకు సాగడం లేదు’ అని నేను ఆయన మీద కేకలు వేసి ఉన్నాను. ఆ కాగితం చూశాక మళ్లీ ఎప్పుడూ ఆ ప్రశ్న అలా అడగలేకపోయాను.

ఆ రోజు ఆ ఫ్లాటులో ఇద్దరు మేస్త్రీల బదులు నలుగురు ఉంటే ఏమయ్యేది? నలుగురూ నీళ్ల కోసం ఎదురుచూసేవారు. మనుషుల్ని పెంచమన్న మీ ఓనర్ గారికి ఇదే జవాబు. నోటితో చెప్పకండి, ఆ గళ్ల కాగితం చూపించండి.

ఓనో చెప్పిన వృథాలు ఏడు. వాటిని బట్టీ పట్టక్కర్లేదు. మన సైట్లలో ఎక్కువ తినేసేవి ఎదురుచూపు, మోత, చేసిందే మళ్లీ చేయడం. వీటి మీద కన్నుంచితే చాలు.

ఇక అసలు పని. శనివారం సాయంత్రం అరగంట పెట్టుకోండి. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, తాపీ, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, టైల్స్ మేస్త్రీలు, మీ స్టోర్ కీపర్, మీరు. స్టిల్టులో ఒక గోడకు నల్లరంగు పూయించి బోర్డు చేసుకోండి. అడ్డంగా సోమవారం నుంచి శనివారం దాకా, నిలువుగా అంతస్తులు. ఒక్కో పనికి ఒక్కో రంగు కాగితం. ఒడిశా, బెంగాల్, బీహార్ నుంచి వచ్చినవాళ్లు మీ దగ్గరా ఉండే ఉంటారు. వాళ్లకు తెలుగు అక్షరం రాకపోయినా పసుపు చీటీ తమదని, నీలం చీటీ ప్లంబర్‌దని తెలుస్తుంది.

ప్రతి మేస్త్రీనీ ఒకటే అడగండి, ‘వచ్చే వారం ఏ ఫ్లాటులో ఏ పని ముగిస్తారు?’ అని. ‘ప్లాస్టరింగ్ నడుస్తది’ అంటే చీటీ రాయకండి. ‘102లో హాలు, రెండు బెడ్‌రూముల లోపలి ప్లాస్టరింగ్ గురువారం సాయంత్రానికి’ అంటే రాయండి. గురువారం సాయంత్రం అది అయిందో లేదో చిన్నపిల్లవాడు చూసినా చెప్పగలిగేలా ఉండాలి. ముప్పాతిక అయిందంటే కాలేదనే లెక్క, ఎందుకంటే తర్వాత వచ్చేవాడు ఆ ముప్పాతిక మీద పని మొదలుపెట్టలేడు.

చీటీ అంటించే ముందు ఏడు సంగతులు అడగాలి. ఇవి కోస్కెలా చెప్పినవే, మన మాటల్లో చెబుతున్నాను. డ్రాయింగు చేతిలో ఉందా, దాంట్లో మార్పులేమీ మిగిలి లేవా? సరుకు వచ్చిందా? మనుషులున్నారా? పరంజా, మిక్సర్, సరుకు పైకి లాగే హోయిస్టు ఖాళీగా ఉన్నాయా? ఆ గదిలో వేరేవాళ్ల సామాను లేకుండా చోటుందా? దీనికి ముందు కావాల్సిన పని ముగిసిందా? వాన, కరెంటు, మునిసిపాలిటీ లాంటి బయటి అడ్డంకులేమైనా ఉన్నాయా? ఏడింటిలో ఒక్కటి లేకపోయినా ఆ చీటీ వచ్చే వారం బోర్డు మీదికి ఎక్కకూడదు. ఓనర్ గారు అడిగినా సరే. ఏడింట్లో ఆరు ఉన్నాయి కదా అని మొదలుపెట్టిన పనే నేను పైన చెప్పిన కిటికీ అంచుల్లా మధ్యలో ఆగి, రెండోసారి పరంజా వేయిస్తుంది.

ఇందులో అన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది. మేస్త్రీకి ‘కుదరదు సార్’ అనే హక్కు ఇవ్వాలి. మొదటి వారం ఎవరూ ఆ మాట అనరు. ఏళ్ల తరబడి ఆ మాటకు తిట్లు తిన్నవాళ్లు వాళ్లు. ‘అయిపోద్ది’ అంటే ఈరోజు గొడవ తప్పుతుంది, రేపటి సంగతి రేపు చూసుకోవచ్చు. అలా బతకడం మనమే నేర్పాం. రెండో వారమో మూడో వారమో ఎవరో ఒకరు, బహుశా ప్లంబర్, నెమ్మదిగా ‘201 బాత్రూములు బుధవారానికి కుదరవు సార్, ఫిట్టింగులు రాలేదు’ అంటాడు. ఆ క్షణంలో మీ ముఖం ఎలా ఉందో మిగతా అందరూ చూస్తారు. ‘మంచిది, ముందే చెప్పావు, ఫిట్టింగులు ఎప్పుడొస్తే ఎప్పటికి చేయగలవు?’ అని మీరు అడిగితే ఆ రోజు నుంచి మీ సైటులో నిజం మాట్లాడుకోవడం మొదలవుతుంది. మీరు విసుక్కుంటే ఆ బోర్డు మీద ఇక నిజం దొరకదు.

తర్వాతి శనివారం లెక్క చూడండి. ఇరవై చీటీలు పెడితే పన్నెండు అయ్యాయనుకోండి, అరవై శాతం. పూర్తి కాని ప్రతి చీటీ వెనక కారణం ఒక్క ముక్కలో రాయండి: ‘సరుకు’, ‘డ్రాయింగు’, ‘ముందు పని’, ‘మనుషులు రాలేదు’. శాతం కంటే ఈ కారణాలే మీకు బంగారం. ఆ శాతాన్ని ఎవరినీ దండించడానికి వాడకండి. ఒకప్పుడు నేను పనిచేసిన ఒక కంపెనీలో ఆ శాతాన్ని బట్టి మేస్త్రీల బిల్లుల్లో కోత పెట్టారు. నెల తిరిగేసరికి శాతం బ్రహ్మాండంగా పెరిగింది, బిల్డింగ్ మాత్రం పెరగలేదు. అందరూ కచ్చితంగా అయ్యే చిన్న చిన్న పనులే రాయించడం మొదలుపెట్టారు. కోత తీసేసినా ఆ అపనమ్మకం పోవడానికి చాలా కాలం పట్టింది.

రోజూ ఉదయం పని మొదలయ్యే ముందు అదే బోర్డు దగ్గర పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోండి. నిన్న ఏమైంది, ఈరోజు ఎవరు ఎవరికి అడ్డం. కుర్చీలు వేయకండి.

వారం ప్లాన్ నిలబడాలంటే ఆరు వారాల ముందు చూపు కావాలి. ఇది మీ పని, మేస్త్రీలది కాదు. ఆరు వారాల తర్వాత జరగాల్సిన పనులను ఒక్కొక్కటే తీసుకుని, ఆ ఏడు సంగతుల్లో ఏవి ఇంకా సిద్ధంగా లేవో చూసి, ఒక్కోదానికి ఒక మనిషి పేరు, ఒక తేదీ రాయండి. మన పండగలు కూడా అందులో ఉండాలి. దసరాకు బెంగాల్ వాళ్లు ఊరెళ్తారు, ఛఠ్‌కు బీహార్ వాళ్లు వెళ్తారు, వెళ్లినవాళ్లు రెండు మూడు రోజుల్లో తిరిగిరారు. ఏటా జరిగేదాన్ని ‘లేబర్ ప్రాబ్లం’ అని ఏటా కొత్తగా రాసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. వాళ్లను అడిగితే టికెట్ల తేదీలతో సహా చెబుతారు.

కస్టమర్ల మార్పులు ఇంకో పెద్ద గుండం. ఒకాయన టైల్స్ ఎంచుకోడు, ఇంకొకావిడ వంటగది గట్టు ఎటు ఉండాలో తేల్చుకోరు. తప్పు వాళ్లది కాదు, ఏ రోజులోగా తేల్చాలో మనం వాళ్లకు చెప్పం. 301లో టైల్స్ మొదలయ్యే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. డీలరు సరుకు తెప్పించడానికి పట్టే రోజులు, పైకి చేర్చడానికి రెండు రోజులు, చేతిలో ఒక వారం. ఆ తేదీని ఇప్పుడే రాసి పంపండి. తేదీ దాటితే మోడల్ ఫ్లాటులో వేసినవే వేస్తామని మర్యాదగా, ముందే చెప్పండి.

వెనక్కి లెక్కపెట్టడం మొత్తం బిల్డింగ్‌కూ చేయాలి. ఒక సాయంత్రం మేస్త్రీలతో కూర్చుని సంక్రాంతికి తాళాలు ఇవ్వడం దగ్గర్నుంచి వెనక్కి రండి. తాళాలివ్వాలంటే చివరి కోటు రంగు ఆరి ఉండాలి, దానికి ముందు స్విచ్‌లు, కుళాయిలు, దానికి ముందు తలుపులు, లప్పం, టైల్స్. ‘నీకు ఈ గది ఎలా అప్పజెబితే నువ్వు ఆగకుండా చేసుకుపోగలవు?’ అని ప్రతివాడినీ అడగండి. టైల్స్ మేస్త్రీ ప్లాస్టరింగ్ మేస్త్రీతో ఎదురుగా మాట్లాడటం చాలా సైట్లలో అదే మొదటిసారి అవుతుంది. బాత్రూముల్లో వాటర్‌ప్రూఫింగ్ తర్వాత నీళ్లు నిలబెట్టి చూసే రోజులను మన షెడ్యూళ్లు తరచూ మర్చిపోతాయి. ప్లంబర్ గుర్తుచేస్తాడు.

ఇప్పుడు మీ ప్లాన్‌లో నాకు నచ్చని విషయం. బిల్డింగ్ అంతా ప్లాస్టరింగ్ అయ్యాక టైల్స్ అంటున్నారు. ఒక్కసారి లెక్క వేయండి. గోడల్లో పైపులు, ప్లాస్టరింగ్, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, లప్పం-రంగులు అని అయిదు దశలు అనుకుందాం. ఒక్కో దశకు ఒక్కో అంతస్తులో వారం పడుతుందనుకుందాం. ఒక దశ అయిదంతస్తులూ ముగిశాకే రెండోది మొదలుపెడితే అయిదు అయిదులు ఇరవై అయిదు వారాలు. అలా కాక, పైపుల వాళ్లు మొదటి అంతస్తు ముగించి రెండో అంతస్తుకు వెళ్లగానే ప్లాస్టరింగ్ వాళ్లు మొదటి అంతస్తులోకి వస్తే, ఒకరి వెనక ఒకరు రైలు పెట్టెల్లా కదిలితే, తొమ్మిది వారాలు. అదనంగా ఒక్క మనిషి కూడా అక్కర్లేదు. దీన్ని టాక్ట్ అంటారు. జర్మన్ భాషలో ఆ మాటకు పాటకు వేసే తాళం అని అర్థం. అందరూ ఒకే తాళానికి అడుగు వేయాలన్న మాట.

మీ దగ్గర తొమ్మిది వారాలకు అవుతుందని నేను చెప్పడం లేదు. ప్లాస్టరింగ్ తడి ఆరాలి, టైల్స్ బృందం వారంలో నాలుగు ఫ్లాట్లు ముగించలేకపోవచ్చు. అప్పుడు ఆ ఒక్క బృందంలోనే మనుషుల్ని పెంచండి. ఓనర్ గారి మాట చెల్లేది అక్కడ, ఆ ఒక్కచోట. రెండు దశల మధ్య కొన్ని రోజులు ఖాళీ ఉంచండి. అన్నీ కలుపుకున్నా ఇరవై అయిదుకు చాలా తక్కువలోనే ఉంటారు.

ఇలా కదలడంలో ఇంకో లాభం ఉంది, నాకైతే అదే పెద్దది. తప్పు మొదటి అంతస్తులోనే బయటపడుతుంది. ఒక అపార్ట్‌మెంట్‌లో మేం అన్ని బాత్రూముల్లోనూ షవర్ డైవర్టర్లు, అంటే నీళ్లను షవర్‌కు మళ్లించే కుళాయిలు, గోడలో బిగించేశాం. ప్లంబర్ ప్లాస్టరింగ్ మందం లెక్కపెట్టాడు, టైల్ మందం, టైల్ వెనక అంటు మందం లెక్కపెట్టలేదు. ఎవరూ చెప్పలేదు కూడా. నెలల తర్వాత టైల్స్ అయ్యాక పైన ప్లేటు, హ్యాండిల్ బిగించబోతే లోపలి భాగం చాలా లోతుకు పోయింది, అందడం లేదు. దాదాపు ప్రతి బాత్రూములో కొత్త టైల్స్ పగలగొట్టాం. పగిలిన డిజైను మళ్లీ దొరకలేదు. ఒక్క ఫ్లాటు ముందుగా చివరిదాకా, కుళాయి తిప్పితే నీళ్లొచ్చేదాకా ముగించి ఉంటే ఒక్క డైవర్టర్ దగ్గరే ఆగేది. మీరు 101ని అలా ముగించండి. ప్రతి మేస్త్రీనీ పిలిచి చూపించి, మిగతా పంతొమ్మిదింటిలో ఏం మార్చాలో అక్కడే గోడ మీద పెన్సిల్‌తో రాయించండి.

సరుకు సంగతికి వస్తే, న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనాన్ని తలుచుకోండి. 1930 మార్చిలో మొదలై 1931 మే 1న ప్రారంభమైంది, 102 అంతస్తులు. లీన్ అనే పేరే లేని కాలం. నగరం నడిబొడ్డున సరుకు కుప్ప పోసుకునే చోటు లేదు. అందుకని లారీలు సమయం ప్రకారం వచ్చేవి, అంతస్తుల్లో చిన్న పట్టాలు వేసి బళ్ల మీద సరుకును పని దగ్గరికే నడిపించారు. భోజనానికి కిందికి దిగి పొద్దు పోకుండా పైనే క్యాంటీన్లు పెట్టారు. చోటు లేకపోవడమే వాళ్లకు క్రమం నేర్పింది. మీ సైటు ఉన్న వీధీ ఇరుకే అయి ఉంటుంది.

మీ సైటులో ఒక ఇటుక వెంట నడవండి. లారీ నుంచి రోడ్డు పక్కకు, పక్కింటివాళ్లు గొడవపడితే స్టిల్టులోకి, అక్కడి నుంచి హోయిస్టుకు, పైన హాల్లోకి, హాల్లో ప్లాస్టరింగ్ మొదలవుతుందని బెడ్‌రూములోకి. గోడ ఎక్కే ముందు అయిదుసార్లు చేయి తగిలింది, ప్రతిసారీ కూలీ ఇచ్చాం. ఏ గదికి ఎన్ని ఇటుకలో లెక్కకట్టి, ఆ గదిలోనే, పరంజాకు అడ్డం రాకుండా సున్నంతో గీసిన చోట దింపించండి. టైల్స్ పెట్టెల మీద ఫ్లాటు నంబరు రాయించి, ఒక ఫ్లాటువి అన్నీ ఒకేసారి, ఒకే బ్యాచ్‌వి పంపండి.

కానీ కోర్సులో చెప్పిన ‘జస్ట్ ఇన్ టైమ్’ (కావాల్సినప్పుడే సరుకు తెప్పించుకోవడం) మాట నమ్మి ఇసుక నిల్వ లేకుండా చేసుకోకండి. కృష్ణలో వరద వస్తే ఇసుక ఆగిపోతుందని గుంటూరులో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు. మన చేతిలో లేనిదానికి నిల్వ ఉండాలి. సిమెంటు అలా కాదు, ఫోను చేస్తే వస్తుంది. వానాకాలంలో లారీలకు లారీలు దించుకుని చెమ్మకు గడ్డకట్టించడం దండగ. ముందొచ్చిన బస్తా ముందు వాడండి.

ఒక హెచ్చరిక, దీన్ని దయచేసి తేలికగా తీసుకోకండి. వృథా తగ్గించడం పేరుతో, స్లాబును మోసే సెంట్రింగ్ ముందే విప్పమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీ చివరి స్లాబు విషయంలో ఆ ఒత్తిడి రావచ్చు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుతో వేసిన స్లాబుకు, ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉంటే ఏడు రోజులు, దాటితే పద్నాలుగు రోజులు జాకీలు (కింద నిలబెట్టే ఊతాలు) ఉండాలి. బీములకు ఆరు మీటర్ల లోపు పద్నాలుగు, దాటితే ఇరవై ఒకటి. బూడిద లాంటివి కలిపిన పీపీసీ సిమెంటు వాడితే ఈ రోజులు ఇంకా పెంచాల్సి రావచ్చు, మీ స్ట్రక్చరల్ ఇంజనీరును అడిగి కాగితం మీద తీసుకోండి. కాంక్రీటు గట్టిపడటం వృథా కాదు, అదీ పనే, మనిషి చేయని పని. నీళ్లు పట్టడమూ అంతే. జాకీలున్నన్ని రోజులు ఆ అంతస్తులో గోడలు లేవవు. దానికి కూడా బోర్డు మీద ఒక చీటీ పెట్టండి, అప్పుడు ఆ రోజుల్లో గోడల బృందాన్ని ఎక్కడ వాడాలో ముందే తెలుస్తుంది.

నాలుగు వారాలు గడిచాక కారణాల చీటీలను కుప్పలుగా పేర్చండి. నా అనుభవంలో మేస్త్రీల వల్ల ఆగినవి చిన్న కుప్ప అవుతాయి. సరుకు రాలేదు, డ్రాయింగు తేలలేదు, కస్టమర్ చెప్పలేదు, బిల్లు ఇవ్వలేదు అన్నవి పెద్ద కుప్ప. అవన్నీ ఆఫీసు చేతిలోవి. ఓనర్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు లీన్ అనే మాట ఎత్తకండి, ఆ కుప్పలు బల్ల మీద పెట్టండి. ‘సార్, ఈ తొమ్మిది చీటీలు మనం వారం ముందు సరుకు చెప్పి ఉంటే ఆగేవి కావు’ అనండి. లెక్క తెలిసిన వ్యాపారి కాదనలేడు.

బిల్లుల సంగతి అదే కూర్చోవడంలో కదపండి. కొలతలు తీసిన వారంలో డబ్బు చేతికందాలి. ఆదివారం కూలీలకు ఖర్చులివ్వలేని మేస్త్రీ సోమవారం మీ సైటుకు సగం మందితోనే వస్తాడు, మిగతా సగాన్ని డబ్బులిచ్చే ఇంకో సైటుకు పంపుతాడు. ఆయన స్థానంలో మీరున్నా, నేనున్నా చేసేది అదే. బోర్డు ఎంత అందంగా పెట్టినా ఈ ఒక్కటి సరిచేయకపోతే నిలబడదు.

ఇంకా చదువుకోవాలని ఉంటే, లీన్ కన్‌స్ట్రక్షన్ అంతర్జాతీయ బృందం 1993 నుంచి సదస్సులు జరుపుతోంది, 2018లో చెన్నైలోనే జరిగింది. ఆ వ్యాసాలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మన దేశపు సైట్ల గురించి రాసినవి ముందు చదవండి.

చివరిగా, తాపీ మేస్త్రీని మార్చడం గురించి. మార్చకండి. కొత్తగా వచ్చే ఆయనకూ అదే నీళ్లు లేని డ్రమ్ము, అదే రాని కిటికీ ఫ్రేము ఎదురవుతాయి. ఆయనా వారం తిరక్కుండానే ‘రేపు అయిపోద్ది సార్’ అంటాడు. ఈయనకు మీ బిల్డింగ్‌లో ఏ గోడ ఎటు వంకరో, ఏ పైపు ఎక్కడుందో తెలుసు. ఈ శనివారం టీ తెప్పించి, ఆయన్ను బోర్డుకు దగ్గరగా కూర్చోబెట్టి, ‘వచ్చే వారం మీకు నా నుంచి ఏం కావాలి?’ అని అడగండి. ఆయన చెప్పినవి మీ చేత్తో మీరే రాసుకుని, సోమవారం ఉదయానికి అందులో కనీసం రెండు తెచ్చి ఆయనకు అప్పజెప్పండి.